వరుసయు బదులును: తెలుగు పాటలో స్త్రీనింద, దానిని వినిన స్త్రీలు

తెలుగు పాటను గూర్చిన మన పరిశోధనలలో పాట కట్టినవారికిని, పాడినవారికిని, సేకరించినవారికిని దక్కిన స్థానము వినినవారికి దక్కలేదు. ఛందస్సును నిర్ణయింతుము, పాఠాంతరములను చూపుదుము, రాగతాళములను గుర్తింతుము. ఆ పాట ఎవరి చెవిని బడినది, విని వారేమి చేసిరి అను ప్రశ్న మాత్రము మన గ్రంథములలో అరుదుగా కానవచ్చును. తక్కిన విషయములలో ఈ లోపము కొంత సహింపదగినదే కావచ్చును. స్త్రీనింద విషయమున అది సహింపరానిది. ఏలయన, ఇచట నిందింపబడినదియు వినుచున్నదియు ఒక్కతెయే. ఆమెను విడిచి పాఠమును మాత్రమే ముందుంచుకొని తీర్పు చెప్పబూనినచో రెండు విధముల పొరపాటు వచ్చును. వేళాకోళమును నిందగా నెంచుట యొకటి. నిందను వేళాకోళమని సమర్థించుట రెండవది. రెండవదే మనలో నెక్కువ.

తెలుగులో ‘వరుస’ అను మాటకు రెండర్థములు గలవు. మనుష్యుల నడిమి బంధుత్వము వరుస. పాట నడక, అనగా బాణి, అదియు వరుసయే. నిఘంటుకారులకు ఇవి వేర్వేరు అర్థములు. పల్లెపాటను వినిన వారికి మాత్రము ఈ రెంటికిని గల సంబంధము తెలియును. ఎవరు ఎవరిని ఏమని పాడవచ్చునో వరుస నిర్ణయించును. సాలూరు, పార్వతీపురము, బొబ్బిలి ప్రాంతములందు కొత్తగా కలిసిన ఇద్దరు మొదట తేల్చుకొనునది తమకేమి వరుస యగునన్నదే. బావ, మరదలు, వదినె, మరిది, వియ్యంకులు, వియ్యపురాండ్రు — వీరి నడుమ సరసము చెల్లును. అత్తకును అల్లునికిని నడుమ చెల్లదు. పాట రూపమున నున్న యెగతాళి అంతయు ఈ కట్టుబాటులోపలనే పెరిగినది. దీనికి తోడు మరియొక నియమము కలదు. అది బదులు, అనిపించుకొన్నవారికి తిరిగి అను హక్కు. పాటలోని మాట ఎంత మోటుగా నున్నదనుటకంటె, ఆ మాటకు వరుస యున్నదా, బదులున్నదా అనుదానిని బట్టియే అది నింద యగునో కాదో నిర్ణయింపవలెనని నా యభిప్రాయము.

వియ్యపురాలి పాటలను చూడుడు. పెండ్లిలో ఆడపిల్లవారి వైపు స్త్రీలు కూడి మగపెండ్లివారి ఆడువారిని పాటకెత్తుకొందురు. వియ్యపురాలి తిండి, నడక, ముఖము, నగలు, తుదకు నడవడి — దేనిని విడువరు. ఈ పాటలను వ్రాసికొని, పాడినవారి పేరు తీసివేసి, ఒక పురుషకవి శతకములో చేర్చినచో స్త్రీనిందకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. అయినను పందిటిలో కూర్చున్నవారికి అవి నిందలుగా వినబడవు. పాడువారు స్త్రీలు, వినువారు స్త్రీలు. అనిపించుకొన్న వియ్యపురాలి పక్కనే ఆమె తోడికోడళ్లును ఆడుబిడ్డలును అదే వరుసలో బదులు కట్టుటకు సిద్ధముగా నుందురు. ఇచట ‘అదే వరుసలో’ అనుట రెండర్థములను జెప్పును. తలుపు దగ్గర పాట ఇట్టిదే. లోపల ఒకరు, వెలుపల ఒకరు. ఆక్షేపణయు సమాధానమును ఒకే బాణిలో నడచును.

ఈ పాటలు నిర్దోషములని నేననను. ఆడుదానిని గేలి చేయవలసి వచ్చినప్పుడు ఆడువారు సైతము ఆమె శీలమునే గురిగా పెట్టుకొనుట గమనింపదగినది. కొలబద్ద పురుషునిదే, చేయి మారినదంతే. కాని ఆ కొలబద్దను తిరిగి విసరు వీలు అందరికిని ఉండెను. అచ్చయిన సంకలనములలో మంగళహారతులును లాలిపాటలును దొరకినంతగా ఇట్టి పాటలు దొరకవు. సేకరించిన పెద్దలు మర్యాదకు లోబడి మోటు మాటలను విడిచిరి. ఆ మర్యాద మనకు చేసిన నష్టమేమనగా, స్త్రీలు బదులు చెప్పిన పాటలలో పదునైన భాగమే అచ్చుకెక్కక పోయినది. బిరుదురాజు రామరాజుగారు 1958లో వెలువడిన తమ ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’న స్త్రీల పాటలకు పెద్ద పీట వేసిరి. ఆ దారిని నడచిన మనము పాటలను వర్గీకరించుటలో ఆరితేరితిమి గాని, పాటకు పాట ఎట్లు బదులైనదో చూచుటలో వెనుకబడితిమి.

వినుటనుండి పుట్టిన బదులునకు మిక్కిలి గొప్ప నిదర్శనము స్త్రీల రామాయణపు పాటలు. పురాణము చెప్పువాడు పురుషుడు. అరుగు మీదనో గుడి మండపమందో ఒక వైపున కూర్చుండి వినునది స్త్రీ. శూర్పణఖ ముక్కు కోయుట, సీతను నిప్పులో దుముకుమనుట, నిండుచూలాలిని అడవికి పంపుట, ఇవన్నియు ఆమె వినినది. విని, ఇంటికి వచ్చి, తన పాట తాను కట్టుకొన్నది. కృష్ణశ్రీ సంకలనము ‘స్త్రీల రామాయణపు పాటలు’ ఆంధ్ర సారస్వత పరిషత్తు ద్వారా 1955లో అచ్చైనది. శ్రీకాకుళము జిల్లాకు చెందిన వెల్చేరు నారాయణరావుగారు ఈ పాటలను గూర్చి ఆంగ్లమున వ్రాసిన వ్యాసము 1991లో వెలువడి, ప్రపంచ పండితుల దృష్టిని వీనివైపు త్రిప్పినది.

ఆ పాటలలో ఏమున్నది? ‘ఊర్మిళాదేవి నిద్ర’లో పదునాలుగేండ్లు నిద్రించిన యిల్లాలిని లక్ష్మణుడు వచ్చి లేపును. ఆమె భర్తను గుర్తింపక, పరకాంతను గోరినవారి గతి ఏమైనదో ఏకరువు పెట్టును. అడవికేగుచు తనను మాటాడింపక విడిచిన మగనికి ఆమె నేరుగా ఒక్క నిష్ఠురమైనను పలుకదు. ఎవరో పరాయివాడనుకొని అన్నట్లుగా అన్నియు అనును. ఇంతకంటె నేర్పైన బదులు నాకు కావ్యములలో కానరాలేదు. రావణుని చిత్రపటము కథలో శూర్పణఖ సన్యాసినిగా వచ్చి సీతను రావణుని బొమ్మ వ్రాయుమనును. సీత తానెన్నడును అతని ముఖము చూడలేదని కాలి బొటనవ్రేలిని మాత్రమే వ్రాయును. దానినుండి పుట్టిన ఉపద్రవమున రాముడు సీతను అనుమానించినప్పుడు అంతఃపురపు స్త్రీలందరు సీతవైపు నిలుతురు. వాల్మీకి కథలో విడివిడిగా మౌనముగా నున్న ఆడువారు ఇచట ఒక్క గుంపై మాటాడిరి. అయినను ఈ పాటలు రాముని దేవుడు కాదనవు. కడపట ఆయనకే మంగళము పాడి ముగియును. దీనిని కొందరు భయమందురు. నాకు మాత్రము ఇది వరుస నెరిగిన బదులు. ఇంటివానిని ఇంటిలోనే నిలదీయుట.

శతకపద్యము సంగతి వేరు. సుమతీశతకమునను, వేమన పేర ప్రచారములో నున్న పద్యములందును స్త్రీలను గూర్చి చెప్పినవి మనకు తెలియనివి గావు. వేమన పద్యములను బ్రౌను 1829లోను, మరల 1839లోను అచ్చు వేయించెను. వీధిబడులలో పిల్లలు కంఠస్థము చేసినవానిలో సుమతి మొదటిది. ఇందు గమనింపవలసినది సంబోధన. పద్యము చివర పిలువబడువాడు నీతి నేర్చుకొనవలసిన మగవాడు. స్త్రీ మూడవ మనిషి. ఆమెను గూర్చి ఆమె యెదుటనే మరియొకరితో చెప్పుట జరుగుచున్నది. కొడుకు పాఠము వల్లెవేయుచుండగా వంటింటినుండి వినిన తల్లికి ఆ పద్యమున బదులు చెప్పుటకు చోటు లేదు. వరుస కలిపి పిలువలేదు గనుక పలుకుటకు హక్కు లేదు. మోటుమాటలు లేని ఆ పద్యము, మోటుమాటలతో నిండిన వియ్యపురాలి పాటకంటె ఎక్కువ గాయము చేయుటకు కారణమిదియే.

అచ్చుయంత్రము ఒక దారి మూసినను మరియొక దారి తెరచినది. తంజావూరి ప్రతాపసింహుని కాలపు కవయిత్రి ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను వీరేశలింగముగారు కవుల చరిత్రలో తీవ్రముగా దూషించిరి. స్వయముగా గాయని యగు బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యమును పరిష్కరించి 1910లో వావిళ్లవారిచేత అచ్చు వేయించి, పీఠికలో వీరేశలింగముగారికి సమాధానమిచ్చెను. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు సహజము కాదా యన్నది ఆమె ప్రశ్న సారాంశము. ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించెను. టంగుటూరి ప్రకాశముగారి కాలమున గాని ఆ నిషేధము తొలగలేదు. చదివి బదులు చెప్పిన స్త్రీకి ముప్పదియైదేండ్లకు పైబడి నోరు కట్టిరన్నమాట.

ఇక యంత్రములో పాట. సాలూరు ఈ చరిత్రలో చిన్న యూరు కాదు. వేగవతీ తీరమున, తూర్పు కనుమల పాదమున నున్న ఈ పట్టణము పట్రాయని వారి సంగీతమునకు నెలవు. ఘంటసాల గురువగు పట్రాయని సీతారామశాస్త్రిగారిని ‘సాలూరు చిన్న గురువుగారు’ అనియే పిలిచెడివారు. సాలూరు సమీపమందలి శివరామపురమున పుట్టిన సాలూరి రాజేశ్వరరావుగారు రావు బాలసరస్వతీదేవితో కలిసి పాడి గ్రామఫోను రికార్డుల ద్వారా తెలుగిండ్లకు చేర్చిన లలితగీతములలో స్త్రీపురుషుల గొంతులు సమానముగా పలికినవి. 1951 నాటి ‘మల్లీశ్వరి’ సంగీతమును గూర్చి చెప్పనే యక్కరలేదు. కనుక యంత్రము వచ్చుటతోనే నింద వచ్చినదనుట అన్యాయము. అయితే యంత్రమునకు చెవి లేదు. అది పాడును గాని వినదు. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో మొదలైన తెలుగు టాకీ కొన్ని దశాబ్దములలో ఒక కొత్త రకపు పాటను తయారు చేసినది. నాయకుడు తోడి యువకులతో కూడి, దారిని పోవు పరిచయము లేని పిల్లను చుట్టుముట్టి, ఆమె పొగరును గూర్చియు, నడకను గూర్చియు, బట్టను గూర్చియు పాడును. ఆమెను ‘మరదలా’ యని పిలుచును. వరుస లేనిచోట వరుసను బలవంతముగా కలుపుట ఇచటనే మొదలైనది. పల్లెపాటనుండి పిలుపును మాత్రము తెచ్చుకొని, ఆ పిలుపునకు గల బాధ్యతను కనుమ దిగువనే విడిచిరి.

బదులు లేదా యందురేమో. ఉన్నది. రెండవ చరణములో నాయిక తిరుగబడి నాలుగు మాటలనును. మూడవ చరణమునకు నవ్వును. ఆ నాలుగు మాటలను, ఆ నవ్వును వ్రాసినవాడు మొదటి చరణమును వ్రాసిన పురుషుడే. వియ్యపురాలు తన బదులు తాను కట్టుకొన్నది. నాయికకు బదులును ఎదుటివాడే కట్టియిచ్చుచున్నాడు. పందిటిలో పాట ముగిసిన తరువాత మిగిలిన హక్కు తెరమీద లేకుండ పోయినది. వినిన ప్రేక్షకుడు దానిని వీధిలోనికి తెచ్చెను. కళాశాలకు నడచిపోవు బాలిక చెవిని బడినది ఆ మొదటి చరణమే. రెండవ చరణము పాడుటకు ఆమె వెంట వాద్యబృందము లేదు.

సాలూరు లారీల యూరు. ఇచటి లారీలు సుంకి ఘాటు ఎక్కి కొరాపుట్టు మీదుగా రాయపూరు వరకు పోవును. టేపురికార్డరు వచ్చిన తరువాత సినిమా పాట లారీతో పాటు తిరిగినది. జాతరలలో రికార్డింగు డాన్సు వెలసినది. వేదిక మీద ఆడునది స్త్రీ, క్రింద ఈల వేయువాడు పురుషుడు, చుట్టుపక్కల యిండ్లలోని స్త్రీలకు లౌడుస్పీకరు. వినకుండుట వారి చేతిలో లేదు. వినుట ఇష్టముతో గాక బలవంతముగా మారినప్పుడు శ్రోత అను మాటయే సరిపడదు.

పాటలో బదులునకు చోటు లేకపోగా అది పాట వెలుపలికి పోయినది. 1974లో హైదరాబాదున ఏర్పడిన ప్రగతిశీల మహిళా సంఘము వీధి వేధింపులపైనను, అసభ్యపు సినిమా గోడపత్రికలపైనను ఉద్యమించెను. జయప్రభగారు ‘భావకవిత్వంలో స్త్రీ’ అను గ్రంథమున, నిందను గాక స్తుతిని పరీక్షకు పెట్టిరి. ఊహాప్రేయసిగా కీర్తింపబడిన స్త్రీకి ఆ కీర్తనలో మాట యున్నదా అని అడుగుట నిందను ఖండించుటకంటె కష్టమైన పని. 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనము వచ్చినది. ఈ బదులులన్నియు వచనములోనో, వచనకవితలోనో యున్నవి. పాటకు పాటగా వచ్చినవి తక్కువ. చదువుకొన్నవారికి చేరినవి, లారీ వెంట కనుమ ఎక్కలేదు.

ఇచట అమెరికాలోని నల్లజాతివారి హిప్‌హాప్ పాటతో పోల్చి చూచుట మనకు మేలు చేయును. దానిలోని స్త్రీనిందను గూర్చి లోకమంతయు మాటాడినది. కాని ఆ సంప్రదాయమున బదులు పాట తొలినాళ్లనుండియు కలదు. 1984లో యు.టి.ఎఫ్.ఓ. అను బృందము, తమను లెక్కచేయని రాక్సాన్ అను పిల్లను గూర్చి ఒక పాట చేసిరి. న్యూయార్కు నగరములో క్వీన్స్‌బ్రిడ్జి వాడకు చెందిన పదునాలుగేండ్ల బాలిక, రాక్సాన్ షాంటే అను పేరుతో, ఆ పాట వాద్యము మీదనే ‘రాక్సాన్స్ రివెంజ్’ అను బదులు పాడినది. అదే వరుస! మన పందిటి న్యాయమే అచట రికార్డు మీదికి ఎక్కినది. దానికి మరల బదులులు, వానికి బదులులు వరదగా వచ్చినవి. 1993లో క్వీన్ లతీఫా తన ‘యునిటీ’ పాటలో స్త్రీలను తిట్టుపేర్లతో పిలుచుటను నిలదీసినది. 1999లో జోన్ మోర్గన్ అను రచయిత్రి, ఆ సంగీతమును ప్రేమించుచునే దానివలన గాయపడు నల్లజాతి స్త్రీల ద్వైధీభావమును గూర్చి గ్రంథము వ్రాసెను. 2004లో అట్లాంటాలోని స్పెల్మన్ కళాశాల విద్యార్థినులు, సేవాకార్యక్రమమునకు రానున్న నెల్లీ అను గాయకుని, అతని పాట దృశ్యములో స్త్రీలను చూపిన తీరును గూర్చి తమతో ముఖాముఖి మాటాడుమని కోరిరి. కార్యక్రమమే రద్దయినది. వారడిగినది నిషేధము కాదు, బదులు చెప్పుటకు చోటు. అది దొరకలేదు.

మన దేశమున ర్యాపు పాటపై వచ్చిన నిరసన మరియొక రూపము దాల్చినది. 2012 డిసెంబరులో ఢిల్లీ ఘోరము తరువాత, హనీ సింగు పాటలపై అంతర్జాలమున సంతకముల సేకరణ జరిగి, డిసెంబరు 31న గుర్‌గావ్‌లో జరుగవలసిన అతని కచేరి రద్దయినది. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషను, సినిమా పాటలలోని అసభ్య నృత్యభంగిమలను మానవలెనని చిత్రనిర్మాతలకు హెచ్చరిక చేసెను. ‘డాకు మహారాజ్’, ‘రాబిన్‌హుడ్’ చిత్రముల పాటలపై చర్చ సాగుచున్న దినములవి. కమిషను చేసినది ఉచితమే. కాని అభ్యంతరము శరీరభంగిమకు వచ్చినంతగా మాటకు రాకుండుట చూడుడు. మాటకు మనము చాలకాలముగా అలవాటు పడితిమి. ఆడువారును ఆ పాటలకు ఆడుచున్నారు గదా యని కొందరు వాదింతురు. బాణి నచ్చుట వేరు, మాట నచ్చుట వేరు. వినుచున్న స్త్రీ ఈ రెంటిని విడదీసికొనుచునే యున్నది. ఆ విడదీయుటలో ఆమె పడు శ్రమను మన శాస్త్రము లెక్కింపలేదు.

ఇట్టి పాటల నడుమ ఒకటి ప్రత్యేక పరీక్షకు తగినది. 2021 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప’లోని ‘ఊ అంటావా’ పాట. రచన చంద్రబోసుగారిది, సంగీతము దేవిశ్రీప్రసాదుది, గొంతు ఇంద్రావతి చౌహానుది. స్త్రీదేహమును ప్రదర్శనకు పెట్టు పాటలలో ఇదియు ఒకటి. చిత్రణమున దానికి మినహాయింపు లేదు. అయితే మాటలలో, ఆడుచున్న స్త్రీ చూచుచున్న పురుషుల చూపును వర్ణించును. ఏ బట్ట కట్టినను, ఏ మేనిఛాయ యున్నను చూచువాని బుద్ధిలో భేదము లేదని దాని తాత్పర్యము. వ్రాసినవాడు పురుషుడే గనుక దీనిని స్త్రీ చెప్పిన బదులనలేము. సొమ్ము చేసికొన్నదియు సినిమాయే. ఆ పాటను నిషేధింపవలెనని పురుషుల సంఘమొకటి ఆంధ్రప్రదేశమున న్యాయస్థానము నాశ్రయించినట్లు పత్రికలు వ్రాసినవి. పురుషజాతి నంతటిని దుర్బుద్ధిగలదిగా చూపినదని వారి యభియోగము. శతకములనుండి సినిమా వరకు తమ జాతినంతటిని గూర్చి అట్టి మాటలు వినుచు వచ్చిన స్త్రీలకు ఈ యభియోగము ఎట్లు వినబడియుండునో ఊహింపవచ్చును. ఆ పాటలోని సంబోధన ‘మావా’. ఉత్తరాంధ్ర పల్లెలలో అది వరుసైనవానిని మాత్రమే పిలువదగిన పిలుపు. వరుస కాని స్త్రీ తెరమీదనుండి హాలులోని మగవారినందరిని ఆ పిలుపుతో పిలిచినది. పిలుపును అందుకొని ఈల వేసినవారును వారే, ఆ పిలుపు వెంట వచ్చిన మాటను వినలేక కోర్టుకెక్కినవారును వారిలోనివారే.